పద్దెనిమిదేళ్ళ రాణికి మంచి మాట చెప్పిందెవరు?

మే నెలలో విక్టోరియా డే అంటే కెనడాలో మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి మూడు రోజుల సెలవు, రాత్రికి బాణసంచా. అది ఎవరి పుట్టినరోజో చాలామందికి పట్టదు. నాకు మాత్రం ఆవిడ గద్దెనెక్కిన సంవత్సరం మీద ఆసక్తి.

1837 జూన్ 20న విక్టోరియా రాణి అయింది. అప్పటికి వయసు పద్దెనిమిది. ఆరు నెలలు తిరక్కుండానే కెనడాలో రెండుచోట్ల తిరుగుబాటు లేచింది. నవంబరులో ఇప్పటి క్యుబెక్‌లో పాపినో వర్గం, డిసెంబరులో టొరాంటో దగ్గర మెకంజీ మనుషులు ఆయుధాలు పట్టారు. ఈ మెకంజీ టొరాంటోకి మొదటి మేయరు. జనం ఎన్నుకున్న సభ ఉండేది గానీ, గవర్నరూ ఆయన చుట్టూ చేరిన గుప్పెడు కుటుంబాలూ దాని మాట వినక్కర్లేదు. అసలు గొడవ అదే. క్యుబెక్‌లో దీనికి భాష తగాదా కూడా తోడైంది.

రాణికి పక్కనుండి పాఠాలు చెప్పినవాడు ప్రధాని మెల్బోర్న్. అప్పటికే అరవైకి దగ్గరపడ్డ మనిషి. రోజూ గంటల తరబడి మాట్లాడేవాడు. ఆవిడంటే నిజమైన అభిమానం ఉన్నవాడే. కానీ మార్పంటే మొగ్గు లేనివాడు.

ఈలోగా ఇక్కడ ఉరికంబాలు లేచాయి. శామ్యూల్ లౌంట్ అనే కమ్మరి ఒకప్పుడు శాసనసభ్యుడు కూడా. క్షమాభిక్ష కోసం వేలమంది సంతకాలు పెట్టారు. గవర్నరు వినలేదు. 1838 ఏప్రిల్ 12న లౌంట్‌నీ, పీటర్ మాథ్యూస్‌నీ టొరాంటోలో ఉరితీశారు. రాణి పట్టాభిషేకం అయింది ఆ తర్వాత జూన్ 28న.

అసలైన సలహా ఆస్థానంలో పుట్టలేదు. విచారణకి వచ్చిన లార్డ్ డర్హమ్‌కి రాబర్ట్ బాల్డ్విన్ అనే టొరాంటో లాయరు ఒక మాట చెప్పాడు: సభలో మెజారిటీ ఉన్నవాళ్ళే మంత్రులు కావాలి, గవర్నరు వాళ్ళ మాట వినాలి. 1839 నాటి డర్హమ్ నివేదికకి ఇదే గుండెకాయ. అంటే రాజ్యం నిలవాలంటే పట్టు సడలించమని రాణికి చెప్పడమే. ఫ్రెంచివాళ్ళని ఇంగ్లీషులో కలిపేయాలన్న దురహంకారం కూడా ఆ నివేదికలోనే ఉంది, అది చెల్లలేదు. 1848లో యూరప్ అంతా విప్లవాలతో మండుతుంటే, ఇక్కడ బాల్డ్విన్, ఫ్రెంచి నాయకుడు లాఫోంటేన్ ఎన్నికల్లో గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేశారు.

మనసు కలుక్కుమనేది ఆ తర్వాతి కథకే. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ దాడి చేసినప్పుడు లండన్‌లో ఉన్నది ఈ రాణే. మరుసటి ఏడు మనకి అందిన రాణిగారి ప్రకటనలో మతం జోలికి రామని ఉంది, సంస్థానాధీశులతో ఒప్పందాలు నిలబెడతామని ఉంది. ఎన్నుకున్న సభ ఊసే లేదు. కెనడాలో తిరుగుబాటుకి జవాబుగా దొరికిన మందు అప్పటికి పదేళ్ళ పాతది. అది మనకి పనికొస్తుందని రాణికి చెప్పే బాల్డ్విన్‌ని మన దగ్గర వెతికినవాడే లేడు.