పాత లేత్ యంత్రాల మరమ్మతు (మేడ్చల్, శామీర్‌పేట)
లోహపు కడ్డీని గిరగిర తిప్పుతూ పనిముట్టుతో చెక్కే లేత్ యంత్రంలో పని ఎక్కువగా కడ్డీని పట్టుకునే చక్ దగ్గరే జరుగుతుంది కనుక యంత్రపు పొడవాటి పట్టాల భాగమైన బెడ్ అక్కడే ముందు అరుగుతుంది. అందుకే పనిముట్టును మోస్తూ బెడ్ మీద జరిగే క్యారేజీని అక్కడికి సరిపోయేలా బిగిస్తే, అది అవతలి చివర ఉండే టెయిల్‌స్టాక్ వైపు జరిపినప్పుడు పట్టేస్తుంది. దీనికి బెడ్‌ను గ్రైండింగ్ చేయించాలి, లేదా నీలిరంగుతో గుర్తించిన ఎత్తైన చుక్కలను స్క్రేపర్‌తో గీకాలి. రెండోది ఓపిక పరీక్షే.

సికింద్రాబాదులో 1943లో ఏర్పడిన ప్రాగా టూల్స్, బెంగళూరులో 1953లో మొదలైన హెచ్‌ఎంటీ వంటి సంస్థల పాత యంత్రాల విడిభాగాలు కొత్తగా దొరకనప్పుడు మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల చిన్న వర్క్‌షాపులకు మిగిలే దారులు తుక్కు యంత్రం నుంచి విప్పుకోవడం, నమూనా చూపి చేయించుకోవడం. పొడవాటి మర కడ్డీ అయిన లీడ్ స్క్రూను పట్టి క్యారేజీని నడిపే హాఫ్‌నట్‌ను గన్‌మెటల్‌లో కొత్తగా చేయించవచ్చు. అంగుళాల లీడ్ స్క్రూతో మెట్రిక్ మరలు కచ్చితంగా కోయడానికి 127 పళ్ల గేరు కావాలి, ఎందుకంటే 5 అంగుళాలు సరిగ్గా 127 మిల్లీమీటర్లు. పాత యంత్రం కొనేటప్పుడు ముందుగా వెతకవలసింది ఆ గేరునే.