శంషాబాద్ నుంచి ఒక్కరోజు: గోల్కొండ, మక్కా మసీదు, పైగా సమాధులు, పహాడీ షరీఫ్

ఉమ్రాకు వెళ్లేవాళ్లను దిగబెట్టడానికో, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లను తీసుకెళ్లడానికో జిల్లాల నుంచి శంషాబాద్ వచ్చే కుటుంబాలకు చాలాసార్లు ఒక పగలంతా చేతిలో మిగులుతుంది. అది లాడ్జి గదిలోనో, మాల్‌లోనో అయిపోతుంది. ఒక కారు మాట్లాడుకుంటే అదే పగటిలో 700 ఏళ్ల చరిత్ర చూసి రావచ్చు. పిల్లలకు తప్పకుండా చూపించాల్సిన చరిత్ర ఇది. "మీరు ముస్లింలు కదా, తెలుగు ఎలా వచ్చు?" అని బడిలో అడిగినవాళ్లకు, "ఉర్దూ సరిగ్గా రాదా?" అని చుట్టాల ఇంట్లో అడిగినవాళ్లకు, ఇద్దరికీ జవాబు గోల్కొండలోనే ఉంది.

ముందు రోజు సంగతి. శుక్రవారం వద్దు. కుతుబ్‌షాహీ సమాధులకు ఆ రోజు సెలవు, మక్కా మసీదులో జుమా రద్దీ. కార్ల వాళ్లు ఎక్కువగా 8 గంటలు, 80 కిలోమీటర్ల లెక్కన మాట్లాడతారు. ఈ చుట్టు 80 దాటే అవకాశం ఉంది కాబట్టి పైన కిలోమీటరుకు ఎంత, టోల్, పార్కింగ్ ఎవరిది అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. ఏడుగురు ఉంటే చిన్న కార్లు రెండు కంటే పెద్ద బండి ఒకటి చవక. గోల్కొండ, చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖవి, 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. సమాధుల టికెట్ వేరు, అది రాష్ట్ర ప్రభుత్వం కిందకి వస్తుంది.

చాలామంది డ్రైవర్లు చార్మినార్‌తో మొదలుపెడతారు. నన్నడిగితే అది తిరగేసిన వరస. గోల్కొండలో 360 మెట్లు ఎక్కాలి, మధ్యాహ్నం ఎండలో పెద్దవాళ్ల వల్ల కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్లి ఉదయం 9 గంటలకు కోట గేటు దగ్గర ఉండండి.

కాకతీయుల కాలపు మట్టికోటను రాతికోటగా మార్చినవాళ్లు కుతుబ్‌షాహీలు. బయటి గోడ చుట్టుకొలత సుమారు పది కిలోమీటర్లు, బురుజులు 87. గైడ్లు ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొట్టి, అది కొండపైన వినిపిస్తుందని చూపిస్తారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది కానీ అక్కడే ఆగిపోవద్దు. బాలా హిసార్ దర్వాజా దగ్గర 1518లో కట్టిన జామా మసీదు ఉంది. రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ 1543లో నమాజులో ఉండగా హత్యకు గురయ్యాడు. చంపించింది సొంత కొడుకు జంషీద్ అని చరిత్ర చెబుతోంది.

తెలుగు కథ అక్కడే మొదలవుతుంది. అన్నకు భయపడి తమ్ముడు ఇబ్రహీం విజయనగరం పారిపోయి, అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. తెలుగు అక్కడే ఒంటబట్టింది. 1550లో గద్దెనెక్కాక తెలుగు కవులను పిలిచి ఆదరించాడు. ఆ కవులు ఆయన్ని 'మల్కిభరాముడు' అన్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన ఉద్యోగి అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగన్న 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. సంస్కృత పదాలు లేకుండా రాసిన తొలి అచ్చ తెలుగు కావ్యం అదే. ఆలోచించండి, అచ్చ తెలుగు మొదటి కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నది ఒక ఖాన్‌సాబ్. తర్వాతి కాలంలో గోల్కొండ ఫర్మానాలు ఫార్సీతో పాటు తెలుగులోనూ వెళ్లేవి. చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా దగ్గర మంత్రాంగం నడిపింది అక్కన్న, మాదన్నలు. భద్రాచలం రామదాసు ఖైదు గది కూడా ఈ కోటలోనే చూపిస్తారు. కొండ మీదికి వెళ్లే దారిలో ఇబ్రహీం పేరున్న మసీదు, పైన అమ్మవారి గుడి ఉన్నాయి. హైదరాబాద్ బోనాలు ఏటా ఆషాఢంలో మొదలయ్యేది గోల్కొండ నుంచే.

1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించింది. చివరికి లోపలివాడే గేటు తెరిచాడు.

కోట దిగాక కిలోమీటరు, కిలోమీటరున్నరలో సమాధులు. 106 ఎకరాల ఆవరణ. ఏడుగురు సుల్తాన్లు ఇక్కడే ఉన్నారు. ఎనిమిదోవాడు తానీషా దౌలతాబాద్‌లో ఖైదీగా చనిపోయాడు కాబట్టి ఇక్కడ లేడు. అన్నిటికంటే పెద్ద గుమ్మటం హైదరాబాద్ కట్టించిన ముహమ్మద్ కులీది, ఎత్తు 42 మీటర్లు. ఇబ్రహీం సమాధి గోడ మీద రంగు పెంకుల ఆనవాళ్లు ఇంకా కనిపిస్తాయి, దగ్గరికి వెళ్లి వెతికించండి. జనాజాలకు గుసుల్ ఇచ్చిన హమామ్ కూడా చూడదగ్గది. అక్కడి బడీ బావి పడమటి గోడ 2013 వానల్లో కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ దాన్ని తిరిగి నిలబెట్టింది. ఇక్కడి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది. ఫాతెహా చదివేవాళ్లు నెమ్మదిగా చదువుకోండి, పిల్లలను మాత్రం గోరీల మీద ఎక్కి ఫొటోలు దిగనివ్వకండి.

జొహర్‌కు మక్కా మసీదు చేరుకోవాలంటే పన్నెండున్నరకల్లా బయల్దేరాలి, పాతబస్తీ ట్రాఫిక్ అలాంటిది. చార్మినార్ (1591) పక్కనే కదా, విడిగా టైము అక్కర్లేదు. మసీదుకు పునాది వేసింది ముహమ్మద్ కుతుబ్‌షా, పూర్తి చేసింది 1694లో ఔరంగజేబు. కట్టడం మొదలుపెట్టినవాళ్ల రాజ్యాన్ని పడగొట్టినవాడే ముగించాడన్నమాట. నడిమి కమాను ఇటుకల్లో మక్కా నుంచి తెచ్చిన మట్టి కలిపారని అంటారు, పేరు అలా వచ్చింది. ఆవరణలో రెండో నిజాం నుంచి ఆరో నిజాం వరకు సమాధులున్నాయి. 2023 జనవరిలో ముకర్రమ్ జా మయ్యత్‌ను కూడా ఇక్కడే దఫన్ చేశారు. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది కాబట్టి సామాన్లు కారులో వదిలేయండి. ఆడవాళ్లు నమాజు చోటు ఎక్కడో లోపలికి వెళ్లేటప్పుడే అడగండి. భోజనానికి మదీనా సర్కిల్ వైపు నడిస్తే సరిపోతుంది.

మూడు గంటలకు సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో పైగా సమాధులు. టూరిస్టులు తక్కువ, నాకు ఈ దారిలో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే. సున్నంలో తీర్చిన జాలీలు ఒకదాన్ని పోలి ఒకటి ఉండవు. పైగాలు నిజాంల దగ్గర పెద్ద అమీర్లు. ఫలక్‌నుమా కట్టించిన వికార్-ఉల్-ఉమరా ఇక్కడే ఉన్నారు. మీరు పొద్దున బయల్దేరిన శంషాబాద్ పేరు కూడా వీళ్ల బిరుదు షమ్స్-ఉల్-ఉమరా నుంచే వచ్చిందని చెబుతారు.

అక్కడి నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే పహాడీ షరీఫ్. హజ్రత్ బాబా షరఫుద్దీన్ (రహ్మతుల్లాహ్ అలైహ్) సుహ్రవర్దీ సిల్సిలాకు చెందిన బుజుర్గ్. 13వ శతాబ్దంలో, అంటే గోల్కొండకు సుల్తాన్లు రాకముందే, ఈ నేలకు వచ్చారు. దర్గా గుట్ట మీద ఉంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మీలు, నానీలు మెట్ల దగ్గర తొందరపడొద్దు. అసర్ కింద చదువుకుని ఎక్కితే వెలుతురుండగానే జియారత్ అవుతుంది. చెప్పులు, చాదర్ల దగ్గర డబ్బు ముందే మాట్లాడుకోండి.

ఇక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్ దగ్గరే. అంతర్జాతీయ ఫ్లైటు అయితే మూడు గంటల ముందు చేరాలన్నది లెక్కలో పెట్టుకుని, ఆలస్యమైతే పైగా సమాధులు వదిలేయండి, పహాడీ షరీఫ్ ఎలాగూ దారిలోనే వస్తుంది. డ్రైవర్ జహంగీర్ పీర్ దర్గా కూడా కలుపుదామంటాడేమో. అది కొత్తూరు మండలంలో, బెంగళూరు హైవే వైపు. కందూరి చేసుకుని, వండుకుని తిని వచ్చేచోటు కాబట్టి దానికి వేరే రోజు పెట్టుకోవాలి.