కరణం మల్లీశ్వరి: బరువు ఎత్తడం నుంచి బాధ్యత ఎత్తుకోవడం దాకా

ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్కలు చూసుకుంటాం. ఈసారి ఆ లెక్కల పక్కనే ఒక ఆడమనిషి చరిత్ర కూడా చదువుకుందాం. ఆమె పేరు మీకు తెలియంది కాదు. కరణం మల్లీశ్వరి. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొట్టమొదటి భారత మహిళ. ఆ సంగతి బడిపిల్లకాయల్ని అడిగినా చెప్తారు. ఆ తర్వాత ఆమె ఏమైంది అనేదే చాలామందికి తెలియదు.

1975 జూన్ 1న పుట్టింది. పెరిగింది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో. అయిదుగురు ఆడబిడ్డల ఇల్లు. ఈ కాలంలోనే అట్లాంటి ఇంటిని చూసి 'అయ్యో పాపం' అనే నోళ్లు మన పక్క తక్కువేం లేవు, నలభై ఏండ్ల కింద చెప్పేదేముంది! ఆ ఇంట్లో ఆడపిల్లలు బరువులెత్తడం నేర్చుకున్నారు. మల్లీశ్వరిని మొదట్లో బక్కపిల్ల, నీవల్ల కాదు, ఇంటిపని చూసుకోమన్నారు. వాళ్లమ్మ శ్యామల మాత్రం బిడ్డ పక్కన నిలబడింది. అప్పుడు నీలంశెట్టి అప్పన్న అనే గురువు దగ్గర సాధన మొదలైంది.

1994లో, మళ్లీ 1995లో ఆమె ప్రపంచ చాంపియన్. అప్పటికి ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోనే లేదు. 2000లో సిడ్నీలో మొదటిసారి పెట్టారు. అంటే ప్రపంచాన్ని గెలిచినాక కూడా అయిదేండ్లు ఆ తలుపు తెరుచుకునేదాకా కాచుకోవాల్సి వచ్చింది. ఈలోగా పెళ్లయింది, హర్యానా కోడలైంది. 54 కేజీల తరగతిలో పేరు తెచ్చుకున్న మనిషి 69 కేజీల తరగతికి మారింది. ఇంక ఆమె పనైపోయింది అన్నవాళ్లు చాలామందే.

2000 సెప్టెంబర్ 19. ఒక్క ఊపున తలమీదికి లేపేదాన్ని స్నాచ్ అంటారు, అందులో 110 కేజీలు. ముందు భుజాలమీదికి తెచ్చుకుని తర్వాత పైకెత్తేది ఇంకొకటి, అందులో 130. మనకు అర్థమయ్యే మాదిరి చెప్పాలంటే 25 కేజీల బియ్యం మూటలు అయిదు, పైన ఇంకో అయిదు కేజీలు. మొత్తం 240. ఆమె కంటే ముందున్న ఇద్దరూ 242.5 కేజీల దగ్గరున్నారు. ఆఖరి ప్రయత్నానికి 137.5 పెట్టారు. లేచి ఉంటే బంగారం. లేవలేదు. కంచుతో ఇంటికొచ్చింది. ఆ ఒలింపిక్స్ మొత్తానికి మన దేశానికి వచ్చిన పతకం అదొక్కటే.

ఇక్కడొక లెక్క చూడండి. 137.5కి బదులు 135 పెట్టి, అది లేచి ఉంటే మొత్తం 245 అయ్యేది. అదీ బంగారమే! ఈ ఆటలో బరువు ఎత్తేది క్రీడాకారిణి. ఎంత బరువు అడగాలనే అంకెను మామూలుగా వెనకాల ఉండే కోచ్‌లు లెక్కగట్టి చీటీలో రాసిస్తారు. ఆ రోజు తప్పు ఎవరిదని నేను అనడం లేదు. బంగారం కోసం పెద్ద బరువు అడగడం తెగువే. కానీ ఎత్తే చెయ్యి ఒకటి, రాసే చెయ్యి ఇంకొకటి అనేది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆటల చరిత్ర అంతా చానా కాలం అట్లానే నడిచింది.

దీన్ని ముందుగా మార్చింది టెన్నిస్ ఆడవాళ్లు. 1970లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ పోటీలో గెలిచిన మగాయనకు 12,500 డాలర్లు, గెలిచిన ఆడామెకు 1,500 అన్నారు. బిల్లీ జీన్ కింగ్, ఇంకా ఎనిమిది మంది ఆ పోటీ వద్దని చెప్పి, సెప్టెంబర్ 23న హూస్టన్‌లో తలా ఒక్క డాలరు ఒప్పందం మీద సంతకం పెట్టి వేరుగా ఆడారు. గ్లాడిస్ హెల్డ్‌మన్ అనే పత్రికావిడ వెనకుండి నడిపింది. రోజుకు రూపాయితో పొదుపు మొదలుపెట్టిన మనకు ఆ ఒక్క డాలరు విలువ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 1973 జూన్‌లో, వింబుల్డన్ పోటీలకు ముందు లండన్ హోటల్లో కూర్చుని సంఘం పెట్టుకున్నారు. బిల్లీ జీన్ కింగ్ మొదటి అధ్యక్షురాలు. అదే ఏడాది అమెరికా ఓపెన్‌లో ఆడామగా తేడా లేకుండా సమాన బహుమతి వచ్చింది. వింబుల్డన్‌లో అన్ని పోటీలకూ సమానం కావడానికి 2007 దాకా పట్టింది, 34 ఏండ్లు! 2015లో మన హైదరాబాద్ సానియా మీర్జా అక్కడ మహిళల డబుల్స్ గెలిచినప్పుడు, మగవాళ్ల డబుల్స్‌కు ఎంతిచ్చారో ఆమె జంటకూ అంతే ఇచ్చారు. ఆ సొమ్ము వెనక ఆ తొమ్మిదిమంది సంతకాలున్నాయి.

మన దేశంలో ఇంకా ఆలస్యం. 1927లో పుట్టిన భారత ఒలింపిక్ సంఘానికి ఒక ఆడమనిషి అధ్యక్షురాలు కావడం 2022 డిసెంబర్‌లోనే, పి.టి. ఉషతో.

మల్లీశ్వరి మాత్రం అంతకు ఏడాది ముందే ఒక కుర్చీ ఎక్కింది. ఆట మానినాక ఆమె ఇంట్లో పతకాలు తుడుచుకుంటూ కూర్చోలేదు. భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేసి పెద్ద అధికారి స్థాయికి వచ్చింది. చౌకదుకాణం బియ్యాన్ని కొని, గోదాముల్లో దాచి పంపే సంస్థే అది. 2021 జూన్‌లో ఢిల్లీ ప్రభుత్వం కొత్తగా పెట్టిన క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్‌గా ఆమెను నియమించారు.

వైస్ చాన్సలర్ అంటే మన భాషలో చెప్పాలంటే ఆ సంస్థకు ఇంటిపెద్ద. ఎవరిని చేర్చుకోవాలి, ఏ ఆటకు ఎవరు గురువు, డబ్బు దేనికి ముందు దేనికి వెనక, ఇవన్నీ ఆ పదవిలో ఉన్నవాళ్ల ముందుకొచ్చే కాగితాలే. పైగా కొత్త సంస్థ. ముందువాళ్లు వేసిన బాట లేదు. ఆట ఒక పక్క, డిగ్రీ ఇంకో పక్క, రెండూ ఒకే పిల్లకు అందేటట్లు చూడడం ఆ విశ్వవిద్యాలయం పని. మన దగ్గర బాగా పరుగెత్తే పిల్ల పదో తరగతి రాగానే 'చదువు పాడవుతుంది' అని ఆట మాన్పిస్తాం కదా, సరిగ్గా ఆ ముడి విప్పడానికన్నమాట.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, గ్రామ సమాఖ్యల్లో పదవులు మారే ప్రతిసారీ ఒకటే మాట వినిపిస్తుంది. "నాకొద్దక్కా, ఆయన్నడిగి చెప్తా", "నాకు లెక్కలు రావు". కంతులు కట్టడానికి వచ్చినోళ్లు చెక్కు మీద సంతకం అనగానే వెనకడుగు వేస్తారు. కొన్నిచోట్ల సంతకం ఆమెది, నిర్ణయం ఇంటాయనది. అది మనకు మనమే చీటీ రాసే చెయ్యిని వదులుకోవడం. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దు అని ఇరవై ఏండ్లుగా చెప్పుకుంటూనే ఉన్నాం, ఇంకా చెప్పాల్సి వస్తోంది.

మల్లీశ్వరి నియామకం జరిగిన మరుసటి నెల, 2021 జూలై 24న, టోక్యో ఒలింపిక్స్‌లో మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను 202 కేజీలెత్తి వెండి పతకం గెలిచింది. సిడ్నీ తర్వాత వెయిట్‌లిఫ్టింగ్‌లో మన దేశానికి మళ్లీ పతకం రావడం అదే మొదలు. ఇరవై ఒక్క ఏండ్ల తర్వాత.