కలవని సెలవులు

జూన్ చివరి వారం. పొద్దున్న ఎనిమిదింటికే మా వీధిలో ఆపిన కార్ల మీద చెయ్యి పెట్టలేం. నయీమ్ సెకండరీ బడి పిల్లలకి పరీక్షల కాలం. ఇండియన్ బళ్ళలో చదివే పిల్లలకి మొదటి టర్మ్ ముగింపు. మా పాప బడి నుంచి సర్క్యులర్ వచ్చింది. ఎప్పటిలాగే జూలై, ఆగస్టు నెలలు సెలవులు, సెప్టెంబర్‌లో మళ్ళీ బడి. పన్నెండేళ్ళుగా ఇదే కబురు చదువుతున్నాను. పాప ఇప్పుడు పన్నెండో తరగతి కాబట్టి ఇదే ఆఖరిది.

తను రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి అడిగింది. "నాన్నా, నానమ్మ వాళ్ళింట్లో చెట్టుకి మామిడికాయలు ఎప్పుడూ ఉండవా?" అని. మా ఊరు తాళ్ళరేవు. పెరట్లో చెట్టు ఏటా విరగకాస్తుంది. కానీ మేం వెళ్ళేది జూలైలో. అప్పటికి కాయలన్నీ దింపేసి, ఆవకాయ జాడీలకి గుడ్డ కట్టేసి ఉంటుంది. పాపకి దొరికేది తాండ్ర ముక్క. చెట్టు కిందికి వెళ్తే ఆకులే.

రెండు చోట్లా ఎండలే, రెండు చోట్లా వేసవి సెలవులే. మరి ఎందుకు కలవవు? ఆ ప్రశ్న వెనకాల పడితే చాలా దూరమే వెళ్ళాల్సి వచ్చింది.

మన వైపు ఎండ మే నెలలో ముదురుతుంది. రోహిణి కార్తె దాటి మృగశిర వచ్చేసరికి, అంటే జూన్ మొదటి పక్షానికి, నైరుతి మబ్బు పడుతుంది. నేల తడవగానే పొలం పనీ, బడీ ఒకేసారి మొదలు. తెల్లదొరలు వచ్చి కూడా ఈ లెక్క మార్చలేకపోయారు. మద్రాసు ప్రభుత్వం ఆ నెలల్లో మూటాముల్లె సర్దుకుని ఊటీ ఎక్కేది. ఇవాళ్టికీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ ఆఖరి వారంలో బళ్ళు మూసి, సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. అంటే మన బడి తలుపు తీసేది వాన.

బహ్రెయిన్‌కి ఆ వాన లేదు. ఎండ జూన్‌లో మొదలై జూలై, ఆగస్టుల్లో పైకి పోతుంది. దానికి సముద్రపు తేమ తోడై గాలి తడిగుడ్డలా మొహానికి చుట్టుకుంటుంది. ఇక్కడ బడి మూసేది ఎండ, తెరిచేది ఆ ఎండ కాస్త తగ్గడం.

తమాషా ఏమిటంటే, వందేళ్ళ కిందట ఈ దేశంలో వేసవి అంటే సెలవు కాదు, ఏడాది మొత్తానికీ పనికాలం. నీళ్ళు వెచ్చబడగానే ముత్యాల వేట మొదలు. ఎండాకాలం మొదట్లో ఓడలు కదిలితే నాలుగు నెలలకి పైగా సముద్రం మీదే. మగవాళ్ళతోపాటు చిన్న పిల్లలు కూడా చిల్లర పనులకి ఓడ ఎక్కేవాళ్ళు. ఇంటి దగ్గర ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ వాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు. ముందే అప్పు పుచ్చుకుని ఓడెక్కడం, అది తీరక మళ్ళీ మళ్ళీ ఎక్కడం. ఏజెంటుకి డబ్బు కట్టి గల్ఫ్ విమానం ఎక్కిన మనవాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ ఓడలు కట్టిన పేటల్లో మా నయీమ్ ఒకటి. ఒకప్పుడు ఇది సముద్రపు ఒడ్డు. ఇప్పుడు పూడ్చిన నేల మీద రోడ్లు వచ్చి నీళ్ళు దూరం జరిగాయి. గల్ఫ్ ఓడల టేకు మలబారు నుంచి వచ్చేది. అది చదివినప్పుడు నాకు మా ఊరే గుర్తొచ్చింది. కోరంగి రేవుని 1839 తుపాను తుడిచిపెట్టాక కూడా తాళ్ళరేవులో కొయ్య ఓడలు కడుతూనే ఉన్నారు. ఒక ఓడల ఊరు వదిలి ఇంకో ఓడల పేటలో కాపురం పెట్టానని, వచ్చిన చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు.

ఇక్కడ మొదటి ప్రభుత్వ బడి, అల్ హిదాయా, 1919లో ముహర్రక్‌లో మొదలైంది. 1928లో ఆడపిల్లల బడి వచ్చింది. అప్పటికింకా ముత్యాల కాలమే. తర్వాత జపాన్ పెంపకపు ముత్యాలు బజారుకి రావడం, ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం పట్టడంతో 1930ల్లో ఆ వ్యాపారం కూలిపోయింది. అదృష్టం కొద్దీ 1932లో జబల్ దుఖాన్ దగ్గర నూనె పడింది. వేటకి పోయే పిల్లలు బడికి పోయే పిల్లలయ్యారు. పనికాలం మెల్లగా సెలవుకాలం అయింది.

అందరికీ కాదు. బయట ఎండలో పనిచేసేవాళ్ళకి జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పని ఆపాలన్న నిబంధన 2007లో గానీ రాలేదు. 2025 నుంచి దాన్ని జూన్ 15 మొదలు సెప్టెంబర్ 15 దాకా, మూడు నెలలకి పెంచారు. ఆ నాలుగు గంటల నీడలో ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళలో నిజామాబాదు, కరీంనగర్, గోదావరి జిల్లాల వాళ్ళు బోలెడంతమంది. వాళ్ళ పిల్లల బళ్ళు అక్కడే, వేసవులూ అక్కడే.

కుటుంబాలతో వచ్చినవాళ్ళ కోసం ఇండియన్ స్కూల్ 1950లోనే మొదలైంది. అప్పటికి బజారులో చెల్లేది మన రూపాయే. దినార్ వచ్చింది 1965లో. ఇప్పుడు ఇక్కడి సీబీఎస్ఈ బళ్ళకి ఇద్దరు యజమానులు. ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలుపెట్టమని ఢిల్లీ లెక్క. జూలై, ఆగస్టుల్లో మూసెయ్యమని ఇక్కడి ఎండ లెక్క. రెంటి మధ్యా మిగిలిన మూడు నెలలే ఈ వేసవి టర్మ్. కొత్త పుస్తకాలకి అట్టలు వేసేలోపు మే వచ్చి, పది, పన్నెండు తరగతుల ఫలితాలు వస్తాయి. స్కూల్ కౌన్సిల్ పిల్లలు బ్యాడ్జీలు పెట్టుకుని ప్రమాణాలు చేస్తారు. జూన్ 21న యోగా దినం. ఆ తర్వాత పరీక్ష పేపర్లు ఇస్తూనే టీచర్లు కూడా విమానం టికెట్ల గురించే మాట్లాడతారు.

ఆ టికెట్ పట్టుకుని ఊరు వెళ్తే, మా అన్నయ్య పిల్లలు యూనిఫాం వేసుకుని బడికి బయల్దేరుతుంటారు. మా పాప వాళ్ళతో గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేది. పగలంతా వాళ్ళ నానమ్మతోనే. వాళ్ళు సాయంత్రం వచ్చి హోంవర్కు ముందు కూర్చునేవాళ్ళు. సంక్రాంతికి వెళ్దామంటే చలికాలపు సెలవులు జనవరి మొదట్లోనే అయిపోతాయి. భోగి మంటలు ఫోన్‌లో చూడాల్సిందే.

ఒక్కసారి మాత్రం రెండు దేశాల పిల్లలకీ ఒకేసారి సెలవు దొరికింది. 2020లో. ఇక్కడ ఫిబ్రవరి చివర్లో, అక్కడ మార్చిలో బళ్ళు మూసేశారు. మే నెలలో తాళ్ళరేవులో చెట్టు నిండా కాయలు, ఇంటి నిండా పిల్లలు. పాప కూడా ఇంట్లోనే. కానీ మామూలు విమానాలు లేవు. ప్రత్యేక విమానాలు మొదలైనా అవి మాకంటే అవసరమైనవాళ్ళకే. అమ్మ ఫోన్‌ని చెట్టు వైపు తిప్పి, "ఇదిగోనే, చూసుకో" అంది. పాప చూసింది. సిగ్నల్ సరిగ్గా లేక ఆకులకీ కాయలకీ తేడా తెలియలేదు.

మొన్న సర్క్యులర్ చదివి పాపే లెక్కపెట్టింది. వచ్చే ఏడు ఏప్రిల్ మొదటికల్లా బోర్డు పరీక్షలు అయిపోతాయి. జూన్ దాకా ఆగక్కర్లేదు. "నాన్నా, ఈసారి మేలో వెళ్దాం" అంది.

వెళ్తాం. చెట్టు ఉంది. అన్నయ్య కాయలు దింపకుండా ఉంచుతానన్నాడు. అమ్మ పోయి మాత్రం ఈ శ్రావణానికి రెండేళ్ళు.