వెబ్ అప్లికేషన్లలో డాక్యుమెంట్ వ్యూయర్: పనితీరు, పాటించవలసిన జాగ్రత్తలు

ప్రభుత్వ ఉత్తర్వులు, గెజిట్ ప్రకటనలు, టెండరు పత్రాలు ఎక్కువగా పీడీఎఫ్ రూపంలో ప్రచురింపబడుతున్నాయి. ఫైలును వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరవనవసరం లేకుండా, వెబ్ పేజీలోనే చదువుకొనే వీలు కల్పించే సదుపాయమే డాక్యుమెంట్ వ్యూయర్.

నేపథ్యం

అడోబీ సంస్థ 1993లో ప్రవేశపెట్టిన పీడీఎఫ్, 2008లో ఐఎస్‌ఓ 32000-1 పేరిట అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. తొలినాళ్లలో ఈ ఫైళ్లను బ్రౌజరులో చూచుటకు ప్రత్యేక ప్లగిన్ అవసరమయ్యేది. ఈ అవసరాన్ని తొలగిస్తూ మొజిల్లా 2011లో పీడీఎఫ్.జేఎస్ రూపకల్పన చేపట్టింది. 2013 ఫిబ్రవరిలో విడుదలైన ఫైర్‌ఫాక్స్ 19లో ఇది అంతర్భాగమైంది. అపాచీ లైసెన్సు క్రింద లభించే ఈ సాఫ్ట్‌వేర్‌ను ఏ సంస్థయైనా రుసుము లేకుండా తన అప్లికేషన్‌లో చేర్చుకొనవచ్చును.

పనితీరు

ఈ వ్యూయర్ ప్రతి పుటను ముందుగా చిత్రంగా గీస్తుంది. దానిపై కంటికి కనిపించని అక్షరాల పొరను అమర్చుతుంది. పదాలను వెతుకుట, ఎంపిక చేసి నకలు తీసుకొనుట ఈ పొర వల్లనే సాధ్యమవుతున్నది. ఫైలు వేరొక సర్వరులో ఉన్నట్లయితే, ఆ సర్వరు అనుమతి ఇచ్చే విధంగా అమరిక చేయనిదే పత్రం తెరుచుకొనదు.

తెలుగు పత్రాల విషయంలో

కేవలం స్కాన్ చేసిన పత్రంలో అక్షరాల పొర ఉండదు. యూనికోడేతర ఫాంట్లతో తయారైన పత్రం తెరపై తెలుగుగానే కనిపించినా, నకలు తీసినపుడు సంబంధం లేని రోమన్ అక్షరాలు, గుర్తులు రావచ్చును. ఇట్టి పత్రాలలో లబ్ధిదారు పేరు గాని, గ్రామం పేరు గాని వెతికితే లభించదు. దృష్టి లోపం గలవారు వాడే స్క్రీన్ రీడర్ కూడ వీటిని సరిగా చదువలేదు. ఈ లోపాన్ని వ్యూయర్ సరిదిద్దజాలదు. పత్రాన్ని యూనికోడ్‌లో రూపొందించి, ముద్రించి స్కాన్ చేయకుండా నేరుగా పీడీఎఫ్‌గా మార్చుటయే పరిష్కారం.

భద్రత

2024 మే నెలలో పీడీఎఫ్.జేఎస్‌లో సీవీఈ-2024-4367 అను భద్రతా లోపం వెల్లడైంది. దురుద్దేశంతో తయారుచేసిన ఫైలును తెరచినచో, అందులోని ప్రోగ్రాము వెబ్ పేజీలో నడిచే ప్రమాదం ఏర్పడింది. 4.2.67 వెర్షన్‌లో దీనిని సరిచేశారు. బ్రౌజరును నవీకరించినంత మాత్రాన అప్లికేషన్‌లో విడిగా చేర్చిన పాత ప్రతి మారదు. అందువలన దానిని నిర్వాహకులే ప్రత్యేకంగా మార్చవలసి యుంటుంది.

వ్యూయర్ ప్రక్కనే మూల ఫైలు లింకును సైతం ఉంచినచో, వ్యూయర్ పనిచేయని సందర్భంలోనూ పత్రం అందుబాటులో ఉండగలదు.