మూతపడిన దుకాణానికి సీసీ కెమెరా: ఇంటర్నెట్ లేనిచోట ఎంపిక

నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ తాలూకా కేంద్రం ముద్‌ఖేడ్–ఆదిలాబాద్ రైలు మార్గంపై, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్నది. పత్తి, సోయాబీన్ కొనుగోళ్ళు ముగిసిన తరువాత తాళం పడే గోదాములు, యజమానులు ఆదిలాబాద్, నిజామాబాద్, హైదరాబాద్ వంటి పట్టణాలకు తరలిపోగా ఖాళీగా మిగిలే దుకాణాలు ఇటువంటి ఊళ్ళలో సర్వసాధారణం. వీటికి కెమెరా అమర్చదలచిన కుటుంబాలకు ఎదురయ్యే మొదటి సందేహం, ఇంటర్నెట్ లేకుండా కెమెరా పనిచేస్తుందా అన్నది.

పనిచేస్తుంది. దృశ్యాన్ని నమోదు చేయడానికి ఇంటర్నెట్ అవసరం లేదు. దూరం నుండి ఫోనులో చూడడానికి, ఫోనుకు హెచ్చరిక రావడానికి మాత్రమే అది కావలెను. అయితే ఇంటర్నెట్ లేని కెమెరా జరిగినదాన్ని దాచి ఉంచుతుందే గాని ఎవరికీ చెప్పదు. కనుక కెమెరా ధర కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటున్నది: ఆ తాళం ఎన్ని రోజులకు ఒకసారి తీస్తారు?

నిల్వ లెక్క

డిస్కు నిండగానే రికార్డరు పాత దృశ్యాలను చెరిపి కొత్తవి వ్రాస్తుంది. 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నమోదు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు రోజుకు 86 జీబీ. అనగా 1 టీబీ డిస్కు 11 రోజులలో నిండుతుంది. నెలకొకసారి వచ్చే యజమాని, ఇరవై రోజుల క్రితం జరిగిన దొంగతనాన్ని అందులో చూడలేడు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే. నెల రోజుల నిల్వకు నాలుగు కెమెరాలైతే 4 టీబీ, రెండే అయితే 2 టీబీ డిస్కు తీసుకోవలెను. కదలిక ఉన్నప్పుడే నమోదు చేసే ఏర్పాటు వల్ల స్థలం ఆదా అవుతుంది. కాని రాత్రివేళ పురుగులు, కెమెరా ముందు సాలెగూళ్ళు కూడా కదలికగా లెక్కకు వస్తాయి.

మూడు మార్గాలు

కరెంటు ఉండి సిగ్నల్ లేనిచోట డీవీఆర్, తీగలతో కలిపిన కెమెరాలు నమ్మదగినవి. నాలుగు కెమెరాలు, డీవీఆర్ కలిసి సుమారు 40 వాట్లు వాడితే రోజుకు ఒక యూనిట్ ఖర్చవుతుంది. 12 వోల్టుల 7 ఏహెచ్ చిన్న బ్యాటరీ రెండు గంటలకు మించి నిలువదు. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ నష్టాలు పోను ఒక రోజుకు పైగా నిలుస్తుంది.

కరెంటు, మొబైల్ సిగ్నల్ రెండూ ఉన్నచోట సిమ్ వేసే 4జీ కెమెరా మేలు. హెచ్చరిక వెంటనే ఫోనుకు వస్తుంది. కొనడానికి ముందు సిగ్నల్‌ను రోడ్డు మీద గాక, కెమెరా బిగించే చోటనే పరీక్షించవలెను. రేకుల షెడ్డు, ఇనుప షట్టరు సిగ్నల్‌ను తగ్గిస్తాయి. రీఛార్జి గడువు దాటితే హెచ్చరికలు ఆగిపోతాయి.

కరెంటు కనెక్షన్ తీసివేసినచోట సోలార్ ప్యానెల్, బ్యాటరీ, మెమరీ కార్డు కలిగిన కెమెరా తగినది. ప్యానెల్‌ను దక్షిణ ముఖంగా, నీడ పడని చోట నిలపవలెను. వరుసగా ముసురు పట్టే వానాకాలంలో బ్యాటరీ తగ్గుతుంది.

కేవలం వైఫై కెమెరాను చవకగా వచ్చినదని కొనరాదు. వాటిలో పలు రకాలను వైఫై లేనిదే మొదటిసారి ప్రారంభించడమే సాధ్యపడదు. ఏ కెమెరా కొన్నా బీఐఎస్ నమోదు గుర్తు చూడవలెను. సీసీ కెమెరాలకు ప్రభుత్వం విధించిన అదనపు భద్రతా పరీక్షల నిబంధన 2025 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది.

అమరిక

దొంగలు తరచుగా డీవీఆర్‌నే ఎత్తుకుపోతారు. దానితో సాక్ష్యమంతా పోతుంది. కనుక దానిని గల్లాపెట్టె పక్కన గాక, గాలి ఆడే ఇనుప పెట్టెలో తాళం వేసి, కంటికి కనబడని చోట ఉంచవలెను. వీలైతే నమ్మకమైన పొరుగింటికి తీగ లాగి అక్కడ ఉంచడం ఇంకా మేలు. 2.8 మిల్లీమీటర్ల లెన్సు విశాలంగా చూపుతుంది గాని, పది అడుగులు దాటితే ముఖం పోలికలు స్పష్టత కోల్పోతాయి. అందుచేత ఒక కెమెరా తప్పక తలుపుకు దగ్గరగా, లోపలికి వచ్చేవారి ముఖం పడేటట్లు ఉండవలెను. కెమెరాలు ఉన్నవని మరాఠీ, తెలుగు రెండు భాషలలోనూ బోర్డు పెట్టడం మంచిది.

గడియారం, సాక్ష్యం

ఇంటర్నెట్ లేని రికార్డరు గడియారం తనంతట సరికాదు. లోపలి చిన్న సెల్ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడు తేదీ తప్పవచ్చును. వెళ్ళిన ప్రతిసారీ సమయం సరిచూసి, మెయిన్ స్విచ్ ఆపి వేసి రికార్డింగ్ తిరిగి మొదలవుతున్నదో లేదో పరీక్షించవలెను.

దొంగతనం జరిగినట్లు తెలిస్తే లోపలి వస్తువులు ముట్టుకొనక 112కు ఫోను చేయవలెను. పాత దృశ్యాలు చెరిగిపోకుండా రికార్డింగ్ ఆపవలెను. డిస్కును ఫార్మాట్ చేయరాదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ధ్రువపత్రం సమర్పించవలెను. అందులో పరికరం వివరాలు, ఫైలు హాష్ విలువ పేర్కొనవలసి ఉంటుంది. కొనుగోలు రసీదు, సీరియల్ నంబరు ఇంట్లో భద్రపరచుకొంటే ఆ పని సులభమవుతుంది.

ఇంటర్నెట్ లేనిచోట హెచ్చరిక ఇవ్వగలిగినది మనిషే. ఊరిలోని బంధువుకో, పొరుగు దుకాణదారుకో వారానికి ఒకసారి తాళం, షట్టరు చూసి రమ్మని అప్పగించవలెను. అప్పుడు 11 రోజుల డిస్కు కూడా చాలుతుంది.