అమ్మానాన్నల పాత ఫొటోలు పాడవుతున్నాయా? గోదావరి పొంగకముందే ఇలా భద్రం చేసుకోండి!

పినపాక: గోదావరి పెరుగుతోందని కబురు రాగానే ఒడ్డు ఊళ్ల జనం ముందుగా సంచిలో పెట్టుకునేవి ఆధార్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్. ట్రంకు పెట్టెలోని ఫొటోలు మాత్రం ఇంట్లోనే ఉండిపోతాయి. భద్రాచలం వద్ద 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. అలాంటిది 1986లో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. పాస్‌బుక్ పోతే మళ్లీ తీసుకోవచ్చు. అమ్మానాన్నల పెళ్లి ఫొటో పోతే ఇక అంతే! వరద రాకున్నా వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. అందుకే ఎండాకాలంలోనే ఈ పని ముగించుకోవడం మేలు.

ఫొటోలైతే..

స్కానర్ ఉంటే 600 డీపీఐ పెట్టాలి. పాస్‌పోర్ట్ సైజు ఫొటోకు 1200 మంచిది. స్కానర్ లేకుంటే గూగుల్ ఫొటోస్కాన్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయాలి. ఫ్రేమ్ అద్దానికి అంటుకున్న ఫొటోను అస్సలు లాగొద్దు. అద్దంతో సహా స్కాన్ చేయాలి.

నెగెటివ్‌లు, స్లైడ్‌లైతే..

స్టూడియో కవర్లో ఉన్న నెగెటివ్‌లను పారేయొద్దు. ప్రింట్ వెలిసిపోయినా వాటి నుంచి మంచి ఫొటో రావచ్చు. వీటికి వెనక నుంచి వెలుగు పడే ఫిల్మ్ స్కానర్ కావాలి. 35 ఎంఎం ఫిల్మ్‌కు 2400 నుంచి 3200 డీపీఐ సరిపోతుంది.

తడిస్తే ఏం చేయాలి?

48 గంటలు దాటితే బూజు మొదలవుతుంది. బురద ఉంటే శుభ్రమైన నీళ్లలో మెల్లగా ముంచి తీయాలి. రుద్దొద్దు. బొమ్మ పైకి ఉండేలా నూలు గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. వెంటనే కుదరకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచొచ్చు.

ఎక్కడ దాచాలి?

వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి. మొత్తం మూడు కాపీలు ఉండాలి. ఒకటి ఫోన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, మరొకటి వేరే ఊళ్లోని బంధువుల దగ్గర ఉంటే బెంగ ఉండదు.

పేర్లు మరవొద్దు

స్కాన్ చేసేటప్పుడు అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరు, ఏ ఊరు, ఎవరి పెళ్లి అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఫొటో వెనక బాల్‌పెన్‌తో కాకుండా మెత్తని పెన్సిల్‌తో పేర్లు రాయండి. ఫొటోను యాప్ కాపాడుతుంది. అందులో ఉన్నది ఎవరో చెప్పాల్సింది మాత్రం పెద్దవాళ్లే.